వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి 37 నిమిషాలే. మరి 5 గంటలు ఎందుకు పడుతోంది?

 

ఈ రోజు చాలా చిన్న ప్రశ్న తీసుకుందాం. వైజాగ్ నుంచి హైదరాబాద్ ఎంత దూరం? మీ ఇంట్లో నలుగురిని అడగండి, నాలుగు జవాబులు వస్తాయి. రైల్వేలో పనిచేసిన మావయ్య 700 కిలోమీటర్లు అంటారు. కారులో వెళ్లొచ్చిన బావ 620 అంటాడు. ఫోన్‌లో వెతికిన చెల్లి 500 చిల్లర అంటుంది. నానమ్మని అడిగితే ఒక రాత్రి అంటుంది. నన్నడిగితే నలుగురిదీ కరెక్టే. నలుగురిలో నానమ్మ జవాబే ఎక్కువ పనికొస్తుంది. అదెందుకో ఈ ఎపిసోడ్‌లో లెక్క వేసి చూద్దాం.

లెక్క అంటే భయపడకండి. నేను బీటెక్ చదివి కొన్నేళ్లు కోడ్ రాసినవాడిని కాబట్టి చేతులు దురదపెడతాయి, అంతే. కూడికలు, భాగహారాలు దాటి ఏమీ ఉండదు.

ముందు చెల్లి చెప్పిన 500 చిల్లర సంగతి. వైజాగ్ ఎయిర్‌పోర్ట్ అక్షాంశం దాదాపు 17.72, రేఖాంశం 83.22. శంషాబాద్ అక్షాంశం 17.24, రేఖాంశం 78.43. ఈ రెండు చుక్కల మధ్య దారం పట్టుకుని లాగితే ఎంత పొడవొస్తుందో అదే గాల్లో దూరం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి బల్ల మీద స్కేలు పెట్టినట్టు కాకుండా, బత్తాయి పండు మీద దారం పరిచినట్టు కొలవాలి. దానికి హావర్‌సైన్ అని ఒక ఫార్ములా ఉంది, ఫోన్‌లో దూరం చూపించే యాప్‌లు చాలావరకు ఇలాంటి లెక్కే వాడతాయి. వేస్తే 511 కిలోమీటర్లు వస్తుంది. పైలట్ల భాషలో అయితే 276 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. మన పోర్టులో ఓడలవాళ్లదీ ఇదే కొలత. అండమాన్ వెళ్లే ఓడ ఇక్కడి నుంచే బయల్దేరుతుంది కదా, పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే ఇప్పుడు పేరు మార్చిన శ్రీ విజయపురానికి, గాల్లో దాదాపు 1,230 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజుల పైచిలుకు. సరే, సముద్రం సంగతి ఇంకోసారి.

ఈ 511 కిలోమీటర్ల దారం ఏ ఊళ్ల మీదుగా పోతుందో మ్యాప్‌లో పెట్టి చూశాను. భలే ఉంది. వైజాగ్ నుంచి పడమరకి, దాదాపు నర్సీపట్నం మీదుగా. అక్కడి నుంచి ఏజెన్సీ కొండలు. పాపికొండల ప్రాంతంలో గోదావరి దాటుతుంది. తర్వాత కొత్తగూడేనికి కాస్త దక్షిణంగా, ఖమ్మానికి కాస్త ఉత్తరంగా వెళ్లి శంషాబాద్ చేరుతుంది. రాజమండ్రి లేదు, ఏలూరు లేదు, విజయవాడ అసలే లేదు. విమానం అచ్చంగా ఈ గీత మీదే పోదు, దానికి గాల్లో నిర్ణయించిన దారులుంటాయి. కానీ దగ్గర దగ్గరగా ఇదే.

ఇప్పుడు రైలు. అది ఆ కొండలెక్కి అడవిలోంచి పోలేదు కదా. కోస్తా పట్టుకుని దక్షిణంగా దిగి, విజయవాడలో కృష్ణ ఒడ్డుకి వచ్చి, అక్కడ మెడ తిప్పి మళ్లీ ఉత్తరంగా ఖమ్మం, వరంగల్, కాజీపేట ఎక్కి సికింద్రాబాద్ చేరాలి. మన దారం విజయవాడకి ఉత్తరాన 100 కిలోమీటర్లకి పైగా దూరంలో పోతోంది, మ్యాప్ చూస్తే తెలుస్తుంది. వైజాగ్ నుంచి విజయవాడ 350, అక్కడి నుంచి సికింద్రాబాద్ ఇంకో 350. మొత్తం 699 కిలోమీటర్లు. అంటే విమానం కంటే రైలు 188 కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతోంది. రోడ్డు కూడా ఇంతే, విజయవాడ దాకా దిగి మళ్లీ ఎక్కడమే. కాకపోతే విజయవాడ నుంచి హైదరాబాద్‌కి సూర్యాపేట మీదుగా కాస్త సూటిగా పోతుంది కాబట్టి 620, 630 దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఖమ్మం నుంచి దేవరపల్లికి విజయవాడని తప్పించే కొత్త హైవే వేస్తున్నారు. దాని ఉద్దేశమే ఈ మెడ వంపు తగ్గించడం.

సరే, దూరం అయింది. టైమ్‌కి వద్దాం.

ఎయిర్‌బస్ 320 లాంటి విమానం పైకెక్కాక గంటకి దాదాపు 830 కిలోమీటర్లు పోతుంది. 511ని 830తో భాగిస్తే 37 నిమిషాలు. కానీ టికెట్ మీద గంటా పది అని ఉంటుంది, గంటా ఇరవై అని ఉంటుంది. మిగతా అరగంట పైచిలుకు ఎక్కడికి పోయింది?

మొదటిది, టికెట్ మీద రాసేది గాల్లో ఉన్న టైమ్ కాదు. విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్లో గేటు దగ్గర ఆగేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నేల మీద పాకడం, ముందున్న విమానం లేచేదాకా ఆగడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోవే. పైగా ఎయిర్‌లైన్స్ వాళ్లు కొంచెం చేతివాటంగా ఎక్కువ వేసుకుంటారు. ఎందుకంటే 15 నిమిషాల లోపు ఆలస్యమైతే లెక్కల్లో అది టైమ్‌కి వచ్చినట్టే. ముందే పది నిమిషాలు కలిపి రాసుకుంటే ఇంకా సుఖం. మనవాళ్ల శుభలేఖలో భోజనాల టైమ్ ఉంటుంది చూడండి, అలాంటిదే, కాకపోతే తిరగేసి.

రెండోది, విమానం 830 స్పీడ్‌లో ఉండేది చాలా తక్కువసేపు. 10,000 అడుగుల కింద ఉన్నంతసేపు మామూలుగా 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకి దాదాపు 463 కిలోమీటర్లు. పైకెక్కడానికి పావుగంటకి పైనే. దిగడం ఇంకా విచిత్రం. పైలట్లకి ఒక అంచనా లెక్క ఉంది: ప్రతి 1,000 అడుగులు దిగడానికి 3 నాటికల్ మైళ్లు కావాలి. 33,000 అడుగుల నుంచి దిగాలంటే దాదాపు 100 నాటికల్ మైళ్ల ముందే, అంటే 185 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికీ సుమారు అంతే దూరం అనుకోండి. 511లో ఆ రెండూ తీసేస్తే తిన్నగా, నిలకడగా పోయే దూరం 140 కిలోమీటర్లు. పది నిమిషాలు! ట్రాలీ తోసుకుంటూ వచ్చిన అమ్మాయి వెనక వరసలకి చేరేలోపు "సీట్ బెల్ట్ పెట్టుకోండి" అని వినిపించేది అందుకే.

మూడోది మన వైజాగ్ స్పెషల్. మన ఎయిర్‌పోర్ట్ నిజానికి నేవీది. ఐఎన్ఎస్ డేగా. ఆ రన్‌వే మీద మొదటి హక్కు వాళ్లది, పౌర విమానాలకి వాళ్లు ఇచ్చిన టైమ్‌లే. చుట్టూ కొండలు. ఇటు సింహాచలం కొండలు, అటు యారాడ కొండ. అందుకే హైదరాబాద్ నుంచి, అంటే పడమర నుంచి వచ్చిన విమానం చాలాసార్లు నేరుగా దిగదు. ఊరు దాటి సముద్రం మీదకి పోయి, అక్కడ వెనక్కి తిరిగి, హార్బర్ మీదుగా దిగుతుంది. కిటికీ సీటు దొరికితే ఓడలూ, డాల్ఫిన్స్ నోస్ కొండా కనిపిస్తాయి. మొదటిసారి వచ్చినవాళ్లు "ఏటి, మన ఊరు వెనక్కి పోయింది?" అని కంగారు పడతారు. చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ టైమ్ తింటుంది.

శంషాబాద్‌లో కూడా ఇదే కథ. అక్కడ రన్‌వేలు తూర్పు–పడమరగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా దిగాలి. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంటే మనం వైజాగ్ నుంచి వచ్చిన దారిలోనే నేరుగా దిగిపోవచ్చు. తూర్పు గాలి ఉన్న రోజు ఎయిర్‌పోర్ట్ దాటి అవతలకి వెళ్లి తిరిగి రావాలి. అదే విమానం, అదే దూరం, కొన్ని నిమిషాలు తేడా. ఇక పైన ఎత్తులో వీచే గాలి వేరు. చలికాలంలో అది పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. మన చిన్న దూరానికి దీని తేడా పెద్దగా తెలియదు. కానీ అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి బాగా తెలుస్తుంది. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ వైపు తిప్పింది. 13,900 కిలోమీటర్ల దారి వదిలేసి 15,300 కిలోమీటర్ల దారి పట్టింది. అయినా దాదాపు రెండు గంటలు ముందే చేరింది, గాలి వెనక నుంచి తోసింది కాబట్టి. దూరం పెరిగి టైమ్ తగ్గింది. ఎంత దూరం అనే ప్రశ్నకి ఉన్న విలువ ఇంతే అన్నమాట.

ఇంతవరకు విమానం తలుపు మూసినప్పటి నుంచి తెరిచేదాకా. మనం బతికేది ఆ తలుపుకి ఇవతల కదా. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్క వేద్దాం.

కూర్మన్నపాలెంలో ఉన్న ఒకాయన అనుకుందాం, స్టీల్ ప్లాంట్ ఉద్యోగి. కొడుకు కూకట్‌పల్లిలో ఉంటాడు. ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్ పది, పన్నెండు కిలోమీటర్లు. గాజువాక ట్రాఫిక్ కలుపుకుని అరగంట. గంట ముందే కౌంటర్ మూసేస్తారు, సెక్యూరిటీ క్యూ ఉంటుంది, కాబట్టి గంటన్నర ముందు ఉండాలి. ఫ్లైట్ గంటంపావు. దిగి, బెల్ట్ దగ్గర బ్యాగ్ కోసం నిలబడి బయటికి రావడానికి అరగంట. శంషాబాద్ నుంచి అవుటర్ రింగ్ రోడ్ మీదుగా కూకట్‌పల్లి, ఇంకో గంటంపావు. మొత్తం 5 గంటలు. ఇందులో గాల్లో ఉన్నది గంట కూడా కాదు. అంటే మనం విమానం టికెట్ కొని, నాలుగు గంటలు నేల మీద ప్రయాణం చేస్తున్నాం.

అదే ఆయన రాత్రి రైలెక్కితే? దువ్వాడ స్టేషన్ పక్కనే. పావుగంటలో స్టేషన్. గోదావరి ఎక్స్‌ప్రెస్ అనుకోండి. 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు–హైదరాబాద్ మధ్య మొదలైన రైలు, 2024లో యాభై ఏళ్లు నిండితే కేక్ కోసి పండగ చేశారు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. ఇంటి నుంచి ఇంటికి 13 గంటలు. వినడానికి ఘోరం. కానీ అందులో 7 గంటలు నిద్ర. మెలకువగా పోయినవి 6 గంటలే. విమానంలో పోయినవి 5, అన్నీ పగటిపూట, అన్నీ నిలబడి, పరిగెత్తి, బెల్ట్ విప్పి, బూట్లు విప్పి. పైగా రైలులో పోయింది రాత్రి, విమానంలో పోయింది సగం రోజు సెలవు. నానమ్మ "ఒక రాత్రి" అంది చూశారా? ఆవిడ లెక్కలో నిద్ర ఉంది. మన యాప్‌లలో లేదు.

మరి వందే భారత్? 2023 సంక్రాంతి రోజు, జనవరి 15న మొదలైంది. 699 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో. సగటున గంటకి 82 కిలోమీటర్లు. మన రైళ్లలో ఇది మంచి స్పీడే, శుభ్రంగా ఉంటుంది, రాజమండ్రి వాళ్లకి, విజయవాడ వాళ్లకి బ్రహ్మాండం. కానీ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేవాళ్లకి నా మెలకువ లెక్కలో మాత్రం అదే చివర వస్తుంది. తెల్లవారుజామున లేవాలి, మధ్యాహ్నం దాకా కుర్చీలో కూర్చోవాలి. లాప్‌టాప్ తెరిచి పని చేసుకునేవాళ్లకైతే ఆఫీసే అనుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఇది ఏ యాప్‌లోనూ చూపించరు. మా గాజువాక ఫ్రెండ్ ఒకడు హైదరాబాద్‌లో పనిచేస్తాడు. ఓ రోజు రాత్రి 10 గంటలకి వాళ్లమ్మ ఫోన్. "నాన్నగారికి గుండెల్లో నొప్పంటే హాస్పిటల్‌కి తీసుకొచ్చాం రా, నువ్వు బయల్దేరు." ఆ రాత్రికి అందుకోగలిగే విమానం లేదు. బస్సెక్కితే మర్నాడు 11 గంటలకి చేరతాడు. రూమ్మేట్ కారు ఇస్తానన్నాడు. 620 కిలోమీటర్లు, రాత్రంతా, ఆ మనసుతో, ఎంత తోలినా ఉదయం 9. పొద్దున్నే మొదటి విమానం పట్టుకుంటే 8 గంటలకి హాస్పిటల్‌లో ఉంటాడు. అంటే అందరికంటే ముందు చేరాలంటే ఆ రాత్రి ఐదున్నర గంటలు గదిలో కదలకుండా కూర్చోవాలి. "అరే, లెక్క అర్థమైంది గానీ కాళ్లు ఆగలేదురా" అన్నాడు తర్వాత. మూడున్నరకి క్యాబ్ ఎక్కేదాకా మెట్ల మీదే కూర్చున్నాడట. వాళ్ల నాన్నగారు ఇప్పుడు బాగున్నారు, స్టెంట్ వేశారు, పొద్దున వాకింగ్‌కి వెళ్తున్నారు.

ఆ రాత్రి వాడికి ఫ్లైట్ టైమ్ గంటా పదా, గంటా ఇరవయ్యా అన్నది ముఖ్యం కాదు. తర్వాతి ఫ్లైట్ ఎప్పుడు, అక్కడికి చేరడానికి ఎంతసేపు. ఇవి రెండే. మొదటిది ఎయిర్‌లైన్స్ చేతిలో, మన దగ్గర నేవీ చేతిలో కూడా ఉంది. రెండోది ఊరి చేతిలో ఉంది. ఆ రెండోది మన ఊళ్లో మారబోతోంది, అందుకే అసలు ఈ ఎపిసోడ్.

ముందు ఒకసారి హైదరాబాద్ 2008కి వెళ్దాం. ఆ ఏడాది మార్చి 23న బేగంపేట నుంచి మామూలు విమానాలన్నీ శంషాబాద్‌కి మారాయి. వైజాగ్ నుంచి బేగంపేటకి గాల్లో 505 కిలోమీటర్లు. శంషాబాద్‌కి 511. ఆరంటే ఆరు కిలోమీటర్లు పెరిగాయి, విమానానికి అర నిమిషం. కానీ సికింద్రాబాద్‌లో ఉన్నవాడికి? బేగంపేట ఆటో దూరం. శంషాబాద్ 30 కిలోమీటర్ల పైన. మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది 2009 అక్టోబర్‌లో, ఎయిర్‌పోర్ట్ తెరిచిన ఏడాదిన్నర తర్వాత. ఆ ఏడాదిన్నర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు ఇప్పటికీ ఆ కథలు చెప్తారు. టికెట్ మీద మాత్రం ఏమీ మారలేదు, అదే ఫ్లైట్ టైమ్.

సరిగ్గా అదే 2008లో, ఫిబ్రవరి 20న, స్పెయిన్‌లో దీనికి తిరగేసిన పని జరిగింది. మాడ్రిడ్, బార్సిలోనా. ఈ రెండు ఊళ్లని ఎందుకు చెప్తున్నానంటే మన వైజాగ్–హైదరాబాద్‌కి అచ్చు కవలల్లా ఉంటాయి. ఊరి నుంచి ఊరికి గాల్లో 505 కిలోమీటర్లు, విమానం గంటంపావు. మన గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైన 1974లోనే అక్కడ పుయెంతే ఏరియో, అంటే గాలి వంతెన, అని ఒక విమాన సర్వీసు మొదలైంది. బస్సులాగా, వచ్చినవాళ్లు వచ్చినట్టు ఎక్కి వెళ్లేవారు. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే విమాన దారుల్లో అదొకటి అయింది. 2008లో హైస్పీడ్ రైలు వచ్చింది. 621 కిలోమీటర్లు, ఆగకుండా వెళ్లే రైలు రెండున్నర గంటలు. విమానం కంటే రెట్టింపు టైమ్ కదా, ఎవరెక్కుతారు అనుకోవచ్చు. కానీ స్టేషన్ రెండు ఊళ్లలోనూ ఊరి మధ్యలో ఉంది. కాఫీ తాగి ఎక్కడమే. ఇంటి నుంచి ఇంటికి లెక్క వేసుకున్న జనం రైలెక్కేశారు, కొన్నేళ్లలో ఆ దారిలో విమానం రెండో స్థానానికి పడిపోయింది. రైలు విమానంకంటే వేగంగా పోయి గెలవలేదండీ, అటూ ఇటూ ఉన్న నాలుగు గంటల్ని మింగేసి గెలిచింది.

ఇప్పుడు మన భోగాపురం. విజయనగరం జిల్లాలో, వైజాగ్ నుంచి శ్రీకాకుళం వైపు హైవే మీద 45, 50 కిలోమీటర్లు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, జీఎంఆర్ కడుతోంది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి చేశారు. శంకుస్థాపనల్లో మాత్రం మనకి లోటు లేదు. రన్‌వే 3,800 మీటర్లు, ఇప్పుడున్నది 3,000 పైచిలుకు. పెద్ద విమానాలు రావచ్చు, నేవీతో టైమ్ పంచుకోనక్కర్లేదు, రాత్రిపూట కూడా సర్వీసులు పెరగొచ్చు. మా ఫ్రెండ్ లాంటివాడికి రాత్రి 12కి ఒక ఫ్లైట్ ఉంటే ఆ మెట్ల మీద కూర్చునే పని లేదు. కాబట్టి నేను భోగాపురం వద్దు అనడం లేదు. కావాలి. డేగా ఎంతకాలం మోస్తుంది ఈ ఊరిని?

కానీ లెక్క వేద్దాం. భోగాపురం నుంచి శంషాబాద్‌కి గాల్లో ఇప్పటికంటే సుమారు 30 కిలోమీటర్లు ఎక్కువ. విమానానికి రెండు, మూడు నిమిషాలు. టికెట్ మీద మళ్లీ అదే గంటంపావు కనిపిస్తుంది. పౌర విమానాలు అక్కడికి మారాక కూర్మన్నపాలెం ఆయన సంగతి చూడండి. అరగంటలో ఎయిర్‌పోర్ట్ చేరేవాడు, ఇప్పుడు 70 కిలోమీటర్లు వెళ్లాలి. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది, ఆనందపురం, తగరపువలస. ఈ సిగ్నళ్లన్నీ దాటాలంటే రెండు గంటలు పెట్టుకోవాలి. ఆయన 5 గంటల ప్రయాణం ఆరున్నర అవుతుంది. మెలకువ లెక్కలో రాత్రి రైలు గెలిచేసింది. ఊరు చుట్టూ తిరిగే అనకాపల్లి–ఆనందపురం ఆరు వరసల రోడ్డు ఉంది కదా అంటారు. ఉంది, మంచి రోడ్డు. అనకాపల్లి వాళ్లకి, సబ్బవరం, పెందుర్తి వాళ్లకి అదే దిక్కు. కూర్మన్నపాలెం వాళ్లు మాత్రం అది పట్టుకోవాలంటే ముందు వెనక్కి వెళ్లాలి.

అదే సమయంలో శ్రీకాకుళం. ఇన్నాళ్లూ వాళ్లు 110 కిలోమీటర్లు, వైజాగ్ ఊరంతా దాటి వచ్చి విమానం ఎక్కారు. ఫ్లైట్ గంట, ఎయిర్‌పోర్ట్‌కి రెండున్నర గంటలు. వాళ్ల గురించి మనం ఒక్క వీడియో చేశామా? ఇప్పుడు వాళ్లకి 60 కిలోమీటర్లు, మంచి హైవే, ఊరు అడ్డం లేదు. గంటంపావు మిగిలింది. విజయనగరం వాళ్లకైతే పక్కిల్లే. గల్ఫ్‌కి పనికెళ్లేవాళ్లు, పలాస, టెక్కలి, సోంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. కూర్మన్నపాలెం కోల్పోయిన గంటన్నర ఎక్కడికీ పోలేదు, దాదాపు అంతా అటు మారింది. అటు తుని, పాయకరావుపేట వాళ్లు రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్ట్ వైపు చూడటం మొదలెడతారేమో. విమానాల దారి మారదు గానీ, ఎవరు ఏ ఎయిర్‌పోర్ట్ మనిషి అనే గీత జరిగిపోతుంది.

కాబట్టి నా దృష్టిలో అడగాల్సింది కొత్త ఎయిర్‌పోర్ట్ నుంచి దుబాయ్‌కి ఎన్ని, సింగపూర్‌కి ఎన్ని అని మాత్రమే కాదు. తెల్లవారుజామున 3 గంటలకి కూర్మన్నపాలెంలో ఎయిర్‌పోర్ట్ బస్సు దొరుకుతుందా? హైదరాబాద్‌లో పుష్పక్ బస్సులు నడుస్తున్నట్టు ఇక్కడ ఆర్టీసీ గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి టైమ్ ప్రకారం నడుపుతుందా? క్యాబ్‌కి విమానం టికెట్‌లో సగం పెట్టాల్సి వస్తుందా? ఎక్స్‌ప్రెస్‌వే ఏడాదిన్నర తర్వాత వచ్చింది అక్కడ. ఇక్కడ రోడ్డు, బస్సు, విమానం ఒకే రోజు మొదలవ్వాలి అని అడగడం అత్యాశ కాదు. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో రిటైరైన పెద్దవాళ్లు చాలామంది, పిల్లలంతా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. ఆ పిల్లలు రాత్రి 10కి ఫోన్ వస్తే ఎన్ని గంటల్లో గుమ్మం ముందుంటారు అనేది ఈ బస్సు మీద ఆధారపడుతుంది.

మీరు చేయగలిగిన పని ఒకటి చెప్తాను. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఫోన్‌లో నాలుగు టైమ్‌లు రాసుకోండి: ఇంట్లో తాళం వేసినప్పుడు, విమానం చక్రాలు లేచినప్పుడు, చక్రాలు తాకినప్పుడు, అవతలి ఇంట్లో చెప్పులు విడిచినప్పుడు. రైలైతే మొదటిదీ, చివరిదీ రాసి, ఎంతసేపు పడుకున్నారో కూడా రాయండి. మీ ఏరియా పేరుతో నాకు పంపండి. భోగాపురం మొదలవ్వకముందు ఒకసారి, మొదలయ్యాక ఒకసారి. మధురవాడ నుంచి, గాజువాక నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవి పక్కపక్కన పెట్టి పట్టిక చేసి చూపిస్తాను.

వచ్చే ఎపిసోడ్‌లో ఇందాక వదిలేసిన అండమాన్ ఓడ సంగతి. టికెట్ ఎలా దొరుకుతుంది, బంక్ క్లాస్‌లో ఏం తీసుకెళ్లాలి, వాంతుల మందు ఎన్ని గంటల ముందు వేసుకోవాలి, అన్నీ చెప్తాను. ఉంటానండీ.